తోడికోడలి గోడ

కిందటి వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్లు ఈలోగా లేచి టీ పోసుకు రావచ్చు.

బిష్కెక్‌లో ఇల్లు కొనబోయేవాళ్లకి, ఆ ఇంటిని గోడ గోడా తట్టి చూసి, దాని బాగోగులు చెప్పే పని బురుల్‌ది. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ చూసింది గానీ, తన సొంతానికి మాత్రం నాలుగో అంతస్తులో రెండు ఇరుకు గదులే. మొన్న వసంతంలో ఏదో పని మీద కొండవైపు వీధిలో పోతూ, గేటు మీద ‘అమ్మకానికి’ అని సుద్దతో రాసి ఉన్న ఒక ఇంటిని చూసి మనసు పారేసుకుంది. పసుప్పచ్చ ఇటుక గోడలు, ఎండ పడే వరండా, వాకిట్లో ఖుబానీ చెట్టు, వంటింటి కిటికీలోంచి మంచుకొండలు. తనకి ఊరెళ్లే పని పడి, వెళ్లి మాట్లాడి రమ్మని భర్త మెలిస్‌ని పంపింది. అతను వెళ్లొచ్చి, “మనకి అందే ధర కాదు” అన్నాడు. అక్కడితో నోరు కట్టుకుని ఊరుకుంటే ఈ కథే లేదు. ఆవిడ ఊరుకోలేక, అత్తగారింట్లో టీ తాగుతూ ఆ ఇంటిని కళ్లకి కట్టినట్టు వర్ణించి చెప్పింది. తోడికోడలు పెరిజాత్ రొట్టె తుంచుకుంటూ అంతా విన్నది. వేసవి వెళ్లేలోగా ఆ ఇంటికే బయానా ఇచ్చింది.

రేపు నోటరీ దగ్గర సంతకాలు. “ఇళ్లు చూసే కోడలు ఇంట్లోనే ఉండగా, దానికి చూపించకుండా కొనడమేంటి?” అని అత్తగారు సైరకన్ పట్టుబట్టింది. తప్పులు వెతికే కన్ను పడితే కొత్త ఇంటికి దిష్టి కొడుతుందని పెరిజాత్ గింజుకుంది. చివరికి పెద్దావిడ మాటే నెగ్గింది. భుజాన సంచీతో బురుల్, ఆమె వెనక నిచ్చెన మోసుకుంటూ మెలిస్, ఆ గేటు ముందుకు వచ్చి నిలబడ్డారు.

గేటు తీసింది పెరిజాతే. ఆమె చేతిలో ఇనప మూకుడు ఉంది. అందులో దిష్టి తీసే ఆదిరాష్మాన్ కొమ్మలు గుప్పుగుప్పున పొగలు కక్కుతున్నాయి. బురుల్ ఇంకా గడప దాటకముందే ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పేసింది.

“రండి బావగారూ. రా అక్కా. కొత్తిల్లు ఊరికే చూసేస్తావా ఏంటి? కొరుమ్‌దుక్ ఏదీ?”

కొత్తకోడలినైనా, పసిబిడ్డనైనా, ఇంటినైనా తొలిసారి చూసినవాళ్లు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. పెరిజాత్ అడిగింది నవ్వుతూనే. కానీ ఈ ఇంటిని తొలిసారి చూసింది ఎవరో ఇద్దరికీ తెలుసు కనక, ఆ నవ్వు బురుల్‌కి సూదిలా దిగింది.

“చూసినందుకు జనం నాకు ఇస్తారే! నీకు ఉత్తినే చూస్తున్నా. అదే కొరుమ్‌దుక్ అనుకో,” అంది దగ్గుకుంటూ.

“ఉత్తిదయితే పైపైన చూసి వెళ్లిపోతావేమో!”

“నువ్వు ఆ పొగ కాస్త తగ్గిస్తే, కళ్లు తెరిచి చూస్తా.”

వరండాలో బొంత పరిచి, సైరకన్ తెల్ల తలగుడ్డ సర్దుకుంటూ, చిన్నకొడుకు ఎర్మెక్ చేత టీ పోయించుకుంటోంది. ఆమె ముందు నూనెలో వేయించిన బోర్సోక్‌లు, జామ్, నిన్నటి రొట్టె. ఇల్లు అమ్ముతున్న కాసిమాలి పెద్దాయన వాటితో తనకేమీ సంబంధం లేనట్టు, పెరటి మూల ఆపిల్ చెట్టు కింద రాలినవీ కోసినవీ వేరుచేసి బకెట్లకి ఎత్తుకుంటున్నాడు. మెలిస్ ఆయనకి దూరం నుంచే సలాం పెట్టి, తల దించుకుని నిచ్చెన గోడకి ఆనించాడు.

“రా అమ్మాయ్, ముందు టీ తాగు,” అంది సైరకన్.

“పని అయ్యాక తాగుతా అత్తయ్యా.”

నిజానికి ఆ వరండాలో కూర్చుని టీ తాగితే గొంతు దిగదని ఆమెకి తెలుసు. తను ఊహించుకున్న బొంత ఎర్రది. ఇక్కడ పరిచింది నీలంది. అంతే తేడా.

ముందువైపు గదులు మొదలుపెట్టింది. తలుపుల మూలలు చూసింది. కిటికీలు తెరిచి మూసింది. కుళాయిలు తిప్పింది. నేల మీద మోకాళ్లూని, పలకల కీళ్ల వెంట వేలు రాసింది. చిన్న సుత్తి వెనక్కి తిప్పి పట్టుకుని, పిడితో గోడలు తట్టింది. టంగు, టంగు, టంగు. బాగా కాలిన ఇటుక చేసే చప్పుడు అది. చప్పుడు విన్నప్పుడల్లా “బాగుంది” అనాలి. అలా అన్నప్పుడల్లా ఆమె నోట్లో చేదు మాత్ర కరిగింది. ఆమె వెనకాలే మూకుడు పట్టుకుని పెరిజాత్. తట్టిన ప్రతి చోటా పొగ. ఒకావిడ తడుతోంది, ఒకావిడ పొగ వేస్తోంది. దూరం నుంచి చూసేవాళ్లకి ఇద్దరూ కలిసి ఏదో పూజ చేస్తున్నట్టే ఉంటుంది.

వంటింట్లోకి వెళ్లేసరికి బురుల్ కాళ్లు ఆగిపోయాయి. ఆ కిటికీకి అప్పుడే తెర కుట్టించి తగిలించేసింది పెరిజాత్. చిన్న చిన్న పూలున్న పలచటి తెర. తెర వెనక కొండలు, వాటి మీద కొత్తగా పడ్డ మంచు.

“ఎలా ఉంది అక్కా? బజార్లో నా కొట్లోని గుడ్డే. నువ్వు చెప్పినట్టే, సరిగ్గా పొయ్యి దగ్గర నిలబడితే కొండలు కనపడుతున్నాయి.”

‘నువ్వు చెప్పినట్టే’. ఆ మాట అనక్కర్లేదు. అయినా అంది. ఆ క్షణంలో బురుల్ తోడికోడల్ని అసహ్యించుకుంది. ఇక్కడ మంచి మనసులు, పెద్ద మనసులు అంటూ మనం ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వక్కర్లేదు. తను చూపించిన కలని ఇంకొకరు కొనుక్కుని, దానికి తెర కూడా కట్టి, ఎలా ఉందని అడిగితే ఎవరి కడుపైనా మండుతుంది. బురుల్ కడుపు మండింది.

“బాగుంది,” అంది.

ఇల్లు రెండు సగాలు. వంటింటి పక్క నడవా దాటితే వెనక సగం. అక్కడి పెద్ద గది సైరకన్‌కి. చిన్నకొడుకు దగ్గరే తల్లి ఉండాలన్నది ఇక్కడి పద్ధతి కనక, చిన్నవాడు ఎక్కడికి మారితే ఆవిడా అక్కడికే. గదిలో గులాబీరంగు గోడకాగితం కొత్తగా అతికించారు. ఒక మూల ఆవిడ మంచం అప్పుడే తెచ్చి వేసేశారు. దాని తలవైపు గోడ మీద బురుల్ అలవాటుగా సుత్తి పిడితో తట్టింది.

మొద్దుగా, తడి సంచిని తట్టినట్టు పలికింది.

ఆ చప్పుడు చెవిన పడగానే బురుల్‌కి కలిగింది భయం కాదు, సంతోషం. అవును, సంతోషమే. వెచ్చగా, తియ్యగా, గుండెల్లోంచి పైకి తన్నుకొచ్చింది. దొరికింది! ఈ అందాల ఇంటికి రోగముంది! ఆ ఆనందం ఎంత నిఖార్సుగా ఉందంటే, మరుక్షణం ఆమెకి తన మీద తనకే వెగటు పుట్టింది. ఇలాంటి చప్పుడు వినాలని పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్న చెవి ఇది. దీన్ని నమ్మొచ్చా?

మళ్లీ తట్టింది. కొంచెం పక్కన తట్టింది. కిందకి వంగి తట్టింది. నడవాలోకి వెళ్లి ముందు సగం గోడని తట్టి వచ్చి, పోల్చి చూసుకుంది.

“ఏంటక్కా, దాన్నే పట్టుకు కొడుతున్నావ్? ఏమన్నా ఉందా?”

“ఏం లేదు. ఉండు.”

కిటికీ గట్టు మీద మోచెయ్యి ఆనించింది. ముందుగదుల్లో గట్టు పూలకుండీకి సరిగ్గా సరిపోయింది. ఇక్కడ చంటిపిల్లని పడుకోబెట్టొచ్చు. కాలిన ఇటుక గోడకి అంత మందం ఎవరూ పెట్టరు. మంచం జరిపించి, అడుగున గోడకి తేమ చూసే పరికరం ఆనించింది. అది కీచుమంది. గోడ అవతల వీధి పిల్లకాలువ పారుతోంది. గోడకాగితం ఎందుకు కొత్తదో అప్పుడు తెలిసింది. పైకి చూసింది. నెత్తి మీద అమ్మేవాళ్లు తర్వాత్తర్వాత వేసుకున్న మేడగది. అంటే ఆ బరువంతా ఈ గోడల మీదే.

“పెరిజాత్, ఇక్కడ చిన్న రంధ్రం వేసి చూడాలి.”

“ఎందుకు?”

“ఈ సగం పచ్చి ఇటుకేమోనని అనుమానంగా ఉంది. బంకమట్టి, గడ్డి కలిపి ఎండబెట్టింది. బయట ఒక వరస మంచి ఇటుక తొడిగారు, అంతే.”

పెరిజాత్ మొహంలో రంగు మారింది. మూకుడు కిటికీ గట్టు మీద ఠపీమని పెట్టింది.

“ఎర్మెక్! అత్తయ్యా! ఇలా రండి! వచ్చి మీ పెద్దకోడలు ఏమంటోందో వినండి!”

అందరూ గదిలోకి వచ్చారు. మెలిస్ అందరికన్నా వెనకాల గుమ్మంలో నిలబడ్డాడు.

“వదినా, బయటికెళ్లి చూడు. ఇటుక కళ్లకి కనపడుతోందిగా!” అన్నాడు ఎర్మెక్. మనిషి మంచివాడే, కానీ పెళ్లాం వైపు చూడకుండా మాట పూర్తి చెయ్యలేడు.

“అది చొక్కా ఎర్మెక్. చొక్కా కొత్తదే. లోపల మనిషెలా ఉన్నాడో చూడాలిగా.”

“మా తాతలంతా పచ్చి ఇటుక ఇళ్లల్లోనే పుట్టి పోయారు. ఎవరి మీద గోడ పడిందిట?” అంది పెరిజాత్.

“మీ తాతల ఇంటి మీద మేడగది లేదు. వాళ్ల గోడ కాలువ నీళ్లలో నానలేదు. పొడిగా, పైన బరువు లేకుండా ఉంటే మట్టి గోడ మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. ఇది అలా లేదు. మొన్న రంజాన్‌లో భూమి కదిలినప్పుడు అందరం ఊగే దీపం గొలుసు వైపు చూస్తూ ఎలా కూర్చున్నామో మర్చిపోయావా? ఆ కుదుపు ఇంకొంచెం గట్టిగా వస్తే, బయటి ఇటుక వరస ఒక పక్కకీ, ఈ మట్టి ఇంకో పక్కకీ పోతాయి. పైనున్నది కిందకి వస్తుంది.” బురుల్ మంచం వైపు చూడకుండా ఉండలేకపోయింది. “అందుకే కొనేముందు చూడాలనేది. కొన్నాక చూస్తే ఏడవడానికి తప్ప దేనికీ పనికిరాదు.”

“చూడటం కాదక్కా ఇది!” పెరిజాత్ గొంతు లేచింది. “కన్నుకుట్టడం! ముందువైపు నాలుగు గదులు తట్టినంతసేపూ నీ మొహం నేను చూశాను. ‘బాగుంది, బాగుంది’ అంటున్నావే, ఎవరో గొంతు పిసికి అనిపిస్తున్నట్టు! ఈ గదిలోకి వచ్చి ఒక్కటి కొట్టేసరికి నీ మొహం వెలిగిపోయింది. నేను చూడలేదనుకున్నావా? నువ్వు కావాలనుకున్న ఇల్లు నాకు దొరికిందని, కళ్లల్లో నిప్పులు పోసుకుని వచ్చావు!”

“అది కాదు పెరిజాత్, ఈ గోడ...” అని బురుల్ ఏదో అనబోయింది.

“ఆగు, నన్ను చెప్పనీ! అత్తయ్యకి వేణ్ణీళ్లు పెట్టేది నేను. ఆవిడకి మోకాళ్లనొప్పి వస్తే రాత్రంతా కాళ్లు పట్టేది నేను. కొట్టు, పిల్లలు, ఇల్లు, అన్నీ నేను. నువ్వు నెలకోసారి కేకు డబ్బా పట్టుకొచ్చి కూర్చుంటావు. నువ్వెళ్లాక వారం రోజులు, ‘మా బురుల్ చదువుకున్నది, మా బురుల్ ఎంత చక్కగా మాట్లాడుతుందో’. ఒక్కనాడు, ఒక్కనాడు ‘మా పెరిజాత్’ అందా ఈవిడ? నాకంటూ ఒక్కటి దొరికితే, దానికీ నువ్వొచ్చి మార్కులు వెయ్యాలా?”

గట్టు మీద మూకుడు తన పని తను చేసుకుంటూ పొగ వదులుతోంది. సైరకన్ చిన్నకోడలి వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్లూ ఒకే పళ్లెంలో తిన్న మనిషి కడుపులో ఇంత ఉందని ఆవిడ అనుకోలేదు. పాపం బురుల్ కూడా అనుకోలేదు. తను మాత్రమే కుళ్లిపోతున్నానని అనుకుంది ఇంతసేపూ. అవతలివైపు కూడా అదే మంట అని తెలిశాక, ఎందుకో ఆమెకి కాస్త ఊపిరాడింది.

గుమ్మంలోంచి మెలిస్ గొంతు వినిపించింది. “పోనీలే బురుల్. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. మనకెందుకు? పద పోదాం.”

“నువ్వుండరా,” అంది సైరకన్. పెద్దకోడలి దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. “అమ్మాయ్. నా కళ్లలోకి చూసి చెప్పు. దీన్ని చూస్తే నీకు అసూయగా ఉందా?”

లేదని అనడం ఎంత తేలిక! బురుల్ నోటిదాకా వచ్చింది కూడా.

“ఉంది అత్తయ్యా.”

పెరిజాత్ చప్పున ఆమె వైపు తిరిగింది.

“చాలా ఉంది. ఆ వంటింట్లో తెర చూసి చింపెయ్యాలనిపించింది. ఈ గోడ మొద్దుగా పలికినప్పుడు నాకు సంతోషమే వేసింది, అదేమీ అబద్ధం కాదు. అందుకే నా చెవిని నేను నమ్మట్లేదు. మీరూ నమ్మకండి. రంధ్రం వేసి చూద్దామనేది అందుకే. నాకు కుళ్లు ఉంటే ఉండనీండి. గోడకి లేదుగా!”

సైరకన్ ఆమె గడ్డం వదిలి, భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, “చూడు,” అంది.

“సంతకాలు కాలేదు. ఇంకా ఆ పెద్దాయన ఇల్లు. ఆయన గోడకి మనం రంధ్రం ఎలా వేస్తాం?” పెరిజాత్ మాట ఇప్పుడు అంత గట్టిగా లేదు.

“అయితే రంధ్రం వద్దు. ప్లగ్గు పెట్టే చోట ఎలాగూ గోడ తవ్వి ఉంటారు. మూత విప్పి చూసి, మళ్లీ బిగించేస్తా. ఎర్మెక్, మెయిన్ ఆపు.”

ఎర్మెక్ పెళ్లాం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పేసుకుంది. వెళ్లి కరెంటు ఆపాడు. బురుల్ మంచం పక్కనున్న ప్లగ్గు మూత మరలు విప్పింది. లోపలి డబ్బాని వదులుచేసి, తీగలతో సహా ఇవతలికి లాగి, టార్చి వేసింది. తర్వాత వేలు పెట్టబోయి, ఆగింది.

“నేను తీస్తే నా చేతిలోంచి వచ్చిందంటావు. నువ్వే పెట్టు వేలు.”

పెరిజాత్ మోకాళ్ల మీద కూర్చుంది. చూపుడువేలు లోపలికి పెట్టి గీకింది. గట్టి ఇటుక అయితే గోరు అరిగేది. ఇది మెత్తగా, చద్దన్నం ముద్దలా వేలికి ఊడొచ్చింది. ఇవతలికి తీసి, అరచేతిలో పోసుకుంది. తడి పచ్చమట్టి. అందులో ఎప్పటిదో గడ్డిపోచ. దాన్ని చిటికెన వేలితో అటూ ఇటూ కదిపింది. అది కుళ్లి, మెత్తబడి, చేతికే అంటుకుంది.

“గడ్డి,” అంది, ఎవరూ అడక్కుండానే. “అత్తయ్యా, ఇది గడ్డి.”

గెలిచింది బురుల్. పొద్దున ఇల్లు వదిలేటప్పుడు ఇలాంటి క్షణం కోసం మనసులో ఎన్నిసార్లు పండగ చేసుకుందో! తీరా అది వచ్చాక, నేల మీద కూర్చుని చేతిలో మట్టి చూసుకుంటున్న ఆ మనిషిని చూస్తే ఆ పండగ కాస్తా చప్పబడిపోయింది. పెరిజాత్ ఆ ఇంటి కోసం ఉన్న ఇంటిని అమ్మకానికి పెట్టింది. కొట్టు పక్కవాళ్లందరికీ మిఠాయిలు పంచింది. రేపు సంతకం కాకపోతే బయానా పోయినట్టే. సంతకం అయితే, ఈ గోడ కింద అత్తగారు.

“పెరిజాత్, లే. ముందు సగం బాగుంది, అది నిజం. ఈ సగం తీసేసి కట్టుకుంటే...” అంటూ చెయ్యి ఇవ్వబోయింది.

కానీ పెరిజాత్ అప్పటికే లేచి, పిడికిట్లో మట్టి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. అందరూ ఆమె వెనకే వెళ్లారు.

“ఏమయ్యా పెద్దాయనా! నెరిసిన గడ్డం పెట్టుకుని, నమాజు చేసుకుంటూ, ఇలాగేనా మోసం చేసేది? మట్టిగోడ మాకు అంటగడతావా? కాగితం అతికించి దాచిపెడతావా?”

కాసిమాలి ఆపిల్ బకెట్ కింద పెట్టాడు. ఆమె పిడికిలి విప్పి చూపిస్తే వంగి చూశాడు. ఆయన మొహంలో దొంగతనం బయటపడ్డవాడి కంగారు లేదు. అవమానం ఉంది.

“కాగితం మా కోడలు అతికించింది, చూడటానికి బాగుంటుందని. నేనేమీ దాచలేదమ్మా. ఆ వెనక సగం మా నాన్న పచ్చి ఇటుకతో కట్టాడు. పై గది మావాడు ఎవరి మాటా వినకుండా వేశాడు. కాలువ నీళ్లు పునాదికి ఎక్కుతున్నాయి. కొన్నవాళ్లు ఆ సగం పడగొట్టుకోవాలి. అన్నీ చెప్పాను.”

“ఎవరికి చెప్పావు? నాకు చెప్పావా? ఈయనకి చెప్పావా?”

“మీకెందుకు చెప్తాను?” పెద్దాయన నిజంగానే తెల్లబోయాడు. “వసంతంలో మీ ఇంటి పెద్దవాడు వచ్చాడుగా. ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గోడ చూపించి మరీ చెప్పాను. మా ఇంట్లో చెప్తానన్నాడు. ఆ తర్వాత తమ్ముడు వచ్చి బయానా ఇచ్చాడు. నేను ఫలానా మెలిస్ తమ్ముణ్ని అన్నాడు. పెద్దవాడికి చెప్తే ఇంటికంతా చెప్పినట్టే కదా? అన్న మాటైపోయాక తమ్ముణ్ని కూర్చోబెట్టి అదే మళ్లీ చెప్తే, మీ అన్న చెప్పలేదా అని అడిగినట్టు కాదూ? ఆయన్ని తక్కువ చేసినట్టు కాదూ? తెలిసే కొంటున్నారు, ధర కూడా అందుకే తగ్గించమన్నారు అనుకున్నా.”

అంటూ చెయ్యెత్తి చూపించాడు. చూపించక్కర్లేదు. అందరూ అప్పటికే అటు తిరిగారు.

మెలిస్ అందరితో రాకుండా, వాకిట్లోకి తిరిగే మూల ఖుబానీ చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

‘మనకి అందే ధర కాదు.’ బురుల్ చెవుల్లో ఆ మాట మళ్లీ వినిపించింది. అబద్ధమేమీ కాదు. పడగొట్టి కట్టుకోవాలంటే నిజంగానే అందదు. భార్య మనసు పడ్డ ఇంటికి రోగముందని చెప్పి ఆమెని నొప్పించలేక ఆ మాట అని ఉంటాడు. అక్కడిదాకా ఆమె అతన్ని క్షమించగలదు. కానీ ఆ తర్వాత? ఎర్మెక్ బయానా ఇచ్చొచ్చానని చెప్పిన సాయంత్రం అందరూ చప్పట్లు కొట్టారు. మెలిస్ కూడా కొట్టాడు. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు?

అతని కళ్లలోకి చూసింది. సమాధానం కోసం వెతకక్కర్లేకపోయింది. ఇందాక వెనక గదిలో గోడ మొద్దుగా పలికినప్పుడు తన గుండెల్లోంచి తన్నుకొచ్చినదే అక్కడా ఉంది. ఆమెకి దక్కనిది ఇల్లు, అతనికి దక్కనిది అమ్మ. చిన్నప్పటినుంచీ అన్నీ తమ్ముడికే వదిలాడు. పద్ధతి ప్రకారం అమ్మని కూడా వదిలాడు. ప్రతివారం రొట్టె పట్టుకెళ్లి, కన్నతల్లి దగ్గర చుట్టంలా అంచున కూర్చుని, చీకటి పడకముందే లేచి వచ్చేవాడు. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తన మొగుడికి అసూయ అంటే ఏంటో తెలియదని బురుల్ పదిమందిలో గొప్పగా చెప్పుకునేది.

“అన్నయ్యా?” అన్నాడు ఎర్మెక్. మొదటిసారి, పెళ్లాం వైపు చూడకుండా.

సైరకన్ మెల్లగా నడిచి పెద్దకొడుకు ముందుకి వచ్చింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

“మెలిస్. ఆ వెనక గది నాకు ఇస్తున్నారని నీకు తెలుసా?”

తెలుసు. ఆ సంగతి ఎర్మెక్ టీ దగ్గర చెప్పినప్పుడు, మెలిస్ బురుల్ పక్కనే కూర్చున్నాడు. ఆమెకి తెలిసినంతవరకు అతను తల్లితో అబద్ధం ఆడిన మనిషి కాదు. ఇప్పుడు నోరు విప్పితే వచ్చేది ‘తెలుసు’ అనే మాటే. ఆ ఒక్క మాటతో ఈ ముసలావిడ ఏమవుతుంది? తమ్ముడు మళ్లీ అన్న గడప తొక్కుతాడా?

మెలిస్ పెదవులు కదిలాయి.

“మీ అబ్బాయి నాకు చెప్పారు అత్తయ్యా!” బురుల్ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “అప్పుడే చెప్పారు. మీ అందరికీ చెప్పమన్నారు. నేనే చెప్పలేదు.”

పెరిజాత్ పిడికిట్లోంచి మట్టి కింద పడింది.

“అదీ సంగతి! మొదట్నుంచీ తెలుసన్నమాట నీకు! బయానా మునిగే రోజు దాకా నోరు మూసుకుని, ఇవాళ సుత్తి పట్టుకుని వచ్చి, మా అందరి ముందూ నాటకం ఆడావా? ‘నా చెవిని నేను నమ్మట్లేదు’ అట! ‘నువ్వే పెట్టు వేలు’ అట! నేను నమ్మాను అక్కా. ఇందాక ఆ గదిలో నిన్ను నిజంగా నమ్మాను.”

బురుల్ సైరకన్ వైపే చూస్తోంది. ఇందాక తన భుజం మీద వేసిన చేతిని పెద్దావిడ ఇప్పుడు తన తలగుడ్డ కొంగుకి తుడుచుకుంటోంది, మురికి అంటినట్టు.

ఫరవాలేదు అనుకుంది బురుల్. ఒక్క క్షణమే. ఇప్పుడు మెలిస్ కాదంటాడు. ఇన్నేళ్ల కాపురంలో తన మీద ఇంత నింద పడుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. కాదమ్మా, దీనికేమీ తెలియదు అంటాడు. అనాలి.

మెలిస్ భార్య వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు.

“అవునమ్మా,” అన్నాడు. “బురుల్‌కి అప్పుడే చెప్పాను.”